మధ్యాహ్నం పన్నెండింటికి శుభరాత్రి

మధ్యాహ్నం పన్నెండు కొట్టీ కొట్టగానే పదకొండో నంబరు బస్సు ఉజ్వలకి శుభరాత్రి చెప్పేసింది.

చెప్పడమంటే నిజంగానే చెప్పింది. డ్రైవరు పక్కనున్న చిన్న తెర మీద చందమామ వచ్చింది, బస్సులో లైట్లన్నీ వెలిగాయి, "ఈనాటి సేవలు ముగిసినవి, క్షేమంగా ఇంటికి చేరండి, శుభరాత్రి" అని ఒక ఆడగొంతు తియ్యతియ్యగా పలికింది. బయటేమో ఎండ మాడు పగలగొడుతోంది. ఉజ్వల ఒళ్ళో రెండు క్యారేజీలు, కాళ్ళ దగ్గర బోలెడు, పక్క సీట్లో ఇంకా బోలెడు. అన్నీ వేడివేడిగా ఉన్నాయి, అన్నీ ఒంటిగంటలోపు కోర్టు సెంటర్లో ప్లీడర్ల ముందుండాలి.

"దిగండి దిగండి, బండి డిపోకెళ్ళిపోద్ది," అన్నాడు డ్రైవరు అప్పలకొండ.

"పట్టపగలు డిపోకేంటి అప్పలకొండ గారూ?"

"నన్నడుగుతావేటి తల్లీ, తెరనడుగు. డ్రైవరు తెర చెప్పినట్టు నడవాలని రూలు. తెర రాత్రయిందంది. నేనిప్పుడెళ్ళి బండికి తాళమేసి, దోమతెర కట్టుకుని పడుకోవాల. లేపోతే మెమో."

"ఈ ఎండలో నిద్రెట్లా పడుతుంది?"

"నిన్న పట్టలేదనే కదా మెమో ఇచ్చినారు!"

ఒంటిగంటకి తెర మీద సూర్యుడొస్తాడు, శుభోదయం అంటుంది, బస్సులన్నీ ఆవలిస్తూ మళ్ళీ రోడ్డెక్కుతాయి. కానీ మధ్యలో ఆ గంట, సరిగ్గా జనానికి ఆకలేసే ఆ గంట, మొత్తం నగరంలో ఒక్క బస్సుండదు. పది రోజుల నుంచీ ఇదే వరస.

ఈ క్యారేజీలు సత్యవేణి పిన్నివి. ఉజ్వల ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం కోసం చూస్తూ, లైట్‌హౌస్ కాలనీలో పిన్ని దగ్గరుంటోంది. పిన్ని వంట చేస్తుంది, ఉజ్వల బస్సులో పట్టుకెళ్ళి కోర్టులో ఇచ్చొస్తుంది. ఇల్లు నడిచేది ఆ ప్లీడర్ల ఆకలి మీదే. పప్పుచారు కాస్త పలచబడితే వాయిదా వేసే రకం కాదు ప్లీడర్లు, అక్కడికక్కడే తీర్పిచ్చేస్తారు. అలాంటిది ఈ పది రోజుల్లో అన్నం ఎప్పుడూ ఒకటిన్నర దాటాకే చేరింది, అదీ చల్లారిపోయి.

ఆ రోజు కూడా అంతే. ఉత్త చేతులతో, అంటే తిట్లతో, ఇంటికొచ్చిన ఉజ్వలని చూడగానే పిన్నికి అర్థమైపోయింది.

"ఏమన్నారే?"

"ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే అందరం కలిసి ఎదురుగా క్యాంటీన్‌కి మారిపోతామన్నారు పిన్నీ."

"ఆ క్యాంటీన్ సాంబారా! అందులో ముక్క కనపడాలంటే కోర్టు ఆర్డరు తేవాలి. దానికి మారతారా వీళ్ళు?" అని పిన్ని గరిట ఎత్తింది, ఎవర్ని కొట్టాలో తెలీక మళ్ళీ దించింది. "ఉజ్జీ, నువ్వు కంప్యూటర్లే కదే చదివావు? ఆ దిక్కుమాలిన తెరకి పగలేదో రాత్రేదో చెప్పి రావే."

ఉజ్వల ల్యాప్‌టాప్ తెరిచింది.

ఆ తెరల వెనకున్న సాఫ్ట్‌వేర్ పేరు 'బస్సెప్పుడు'. దాన్ని ఏ కంపెనీ చెయ్యలేదు. మార్కెట్ రోడ్లో కళ్ళజోళ్ళ షాపున్న తౌఫీక్ అనే అతను ఒక వానాకాలం బస్టాపులో తడిసి ముద్దయిపోయి, రాని బస్సు మీద ఒళ్ళుమండి, ఇంటికెళ్ళి మొదలెట్టాడు. మొదలెట్టి కోడ్ మొత్తం ఇంటర్నెట్లో బాహాటంగా పెట్టేశాడు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, తప్పు కనపడితే ఎవరైనా దిద్ది పంపొచ్చు, బాగుంటే తౌఫీక్ కలిపేసుకుంటాడు. ఓపెన్ సోర్స్ అంటే అంతే, ఇంకేం లేదు. అట్లా ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరారు. ఒకాయన బస్టాపుల పేర్లలో దీర్ఘాలు సరిచేస్తాడు. ఒకామె మ్యాపులో సందులు గీస్తుంది. ఫిన్లండ్‌లో ఎవరో ఉన్నాడు, మన ఊరు కలలో కూడా చూసుండడు, వానొస్తే బస్సు ఎంత లేటవుతుందో లెక్కగట్టే ముక్క రాసి పంపాడు. ఎవరికెవరూ ఒక్క పైసా ఇచ్చుకోలేదు. ఎవరికెవరూ చుట్టాలు కూడా కాదు.

అది అంత బాగా నడుస్తుంటే మహానగర రవాణా మండలికి ముచ్చటేసింది. తౌఫీక్‌ని పిలిచింది, స్టేజీ ఎక్కించింది, శాలువా కప్పింది, సాఫ్ట్‌వేర్ తాళాలు పట్టుకెళ్ళిపోయింది. ఇకమీదట ఏ సవరణైనా మండలి ఒప్పుకుంటేనే కలుస్తుంది. తాళాలు చేతికొచ్చిన సంతోషంలో మండలి తనే ఒక మార్పు చేసింది, గడియారం అందంగా కనపడాలని. ఆ అందంలో పగటి పన్నెండూ రాత్రి పన్నెండూ ఒకటైపోయాయి.

ఉజ్వలకి తప్పు దొరకడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఒక్క లైను! దిద్దింది, పంపింది, తౌఫీక్ షాపుకి పరిగెత్తింది.

"సూపర్ చెల్లెమ్మా, కరెక్టుగా పట్టేశావ్," అన్నాడు తౌఫీక్ ఎవరి కళ్ళద్దాలో తుడుస్తూ. "కానీ నేను కలపలేను. నీకు హియరింగ్ ఉంటుంది."

"లైనుకి హియరింగ్ ఏంటన్నా?"

"లైనుకి కాదు, నీకు. ఆడిట్ వాళ్ళు అడిగారంట, డబ్బు తీసుకుని పనిచేస్తే కాంట్రాక్టరు, జీతం తీసుకుని చేస్తే ఉద్యోగి, ఏమీ తీసుకోకుండా చేసేవాణ్ణి ఏమనాలి అని. మండలి దగ్గర జవాబు లేదు. అందుకని ఒక విభాగం పెట్టారు. ఉద్దేశ నిర్ధారణ విభాగం. సవరణ ఎందుకు చేశావో తేలితేనే సవరణ తీసుకుంటారు."

"అయితే ఆ తాళాలు మనకెందుకన్నా? కోడ్ బాహాటంగానే ఉంది కదా, మొత్తం కాపీ తీసి మనం వేరుగా నడిపేద్దాం!"

తౌఫీక్ చేతిలో కళ్ళద్దాలు ఆగిపోయాయి. "వేరు కుంపటా? అంత మాట అనకు. కాపీ తియ్యడం ఎవరి హక్కయినా సరే, దాన్ని చీల్చి వేరు నడపడమంటే ఇంట్లో పొయ్యి రెండు చెయ్యడమే. సగం మంది ఇటు, సగం మంది అటు. అన్ని దారులూ మూసుకుపోతే తప్ప ఎవరూ ఆ పని చెయ్యరు. ముందు హియరింగ్‌కి వెళ్ళిరా."

వెళ్ళింది. ఉద్దేశ నిర్ధారణాధికారి గంటి చక్రధరరావు గారు పెద్ద బల్ల వెనక, చిన్న పెన్ను పట్టుకుని, ఏ భావమూ లేకుండా కూర్చుని ఉన్నారు.

"సదరు సవరణను మీరు ఏ ఉద్దేశముతో సమర్పించినారు?"

"మధ్యాహ్నం బస్సులు ఆగిపోతున్నాయి సార్."

"అది పర్యవసానము. నేను ఉద్దేశము అడిగితిని. మండలి ఆమోదించిన ఉద్దేశములు చదివెదను, వర్తించినచోట ఊ కొట్టండి. ధనాపేక్ష?"

"లేదు సార్."

"ఉద్యోగాపేక్ష?"

"చచ్చేంత ఉంది సార్. కానీ ఈ ఒక్క లైను చూసి ఎవరిస్తారు?"

"లేదు, అని రాసుకుంటున్నాను. కీర్తికాంక్ష?"

"ఒక్క లైను సార్! అందులో సగం బ్రాకెట్లే."

"వివాహ ప్రయత్నము?"

"సార్?"

"కొందరికి ఉన్నది. పుణ్యము? ప్రతీకారము?"

"ఎవరి మీద సార్?"

"ఎవరి మీద అన్నది ప్రత్యేక విచారణ."

ఉజ్వలకి ఓపిక పోతోంది. "సార్, మా పిన్ని క్యారేజీలు కోర్టుకి టైముకి చేరాలి. చేరకపోతే ప్లీడర్లు క్యాంటీన్‌కి పోతారు, మా పిన్ని పొయ్యి ఆరిపోతుంది. అందుకు."

పెన్ను చటుక్కున ఆగింది. "స్వప్రయోజనము! అట్లయిన సవరణ చెల్లదు."

"అయితే నగరంలో అందరి కోసం అనుకోండి."

"పరప్రయోజనము! అట్లయిన అనుమానించవలసి ఉన్నది. స్వప్రయోజనముండిన అభ్యంతరము, పరప్రయోజనముండిన అనుమానము."

"మరి ఏముంటే ఒప్పుకుంటారు సార్?"

"దాని కొరకే మేము కూడా అన్వేషించుచున్నాము," అన్నారాయన, మొదటిసారి కొంచెం మనిషిలా.

అంతే, ఉజ్వల సహనం కట్ట తెగిపోయింది. "చిరాకేసింది సార్! మిట్టమధ్యాహ్నం చందమామ కనపడుతుంటే, ఎక్కడ తప్పుందో తెలిసిపోతుంటే, ఒక్క లైను మారిస్తే పోతుందని కళ్ళెదురుగా కనపడుతుంటే, మార్చకుండా ఎవరైనా ఎట్లా ఉంటారు? మీకు అట్లా ఎప్పుడూ అవ్వదా?"

చక్రధరరావు గారు పెన్ను సర్దుకున్నారు. "అయినచో పై అధికారికి నివేదించెదను," అన్నారు. తర్వాత రాసుకున్నారు, ఒక్కో అక్షరం నోట్లో నములుతూ. "చి... రా... కు. ఇది జాబితాలో లేదమ్మా."

జాబితాలో లేకపోతే వదిలేస్తారా? విభాగం మొత్తం రంగంలోకి దిగింది. 'బస్సెప్పుడు'కి సవరణ పంపిన ప్రతి మనిషినీ పిలిచి అడిగారు. దీర్ఘాలు దిద్దే ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. "'కాలనీ'కి దీర్ఘం లేకపోతే నాకు అన్నం సయించదండీ" అన్నాడు. సందులు గీసే ఆమె, "మా సందు మ్యాపులో లేకపోతే మేం లేనట్టేగా, మండదా" అంది. ఫిన్లండ్ మనిషిని వీడియోలో పట్టుకుని, దుభాషిని పెట్టి, ఎందుకు చేశావయ్యా అంటే, అతను భుజాలెగరేసి ఏదో అన్నాడు. దుభాషి చెప్పాడు, "లెక్క తప్పుగా ఉందంటండి. ఊరుకోలేకపోయాడంట."

వారం తిరిగేసరికి మండలి చైర్‌పర్సన్ కల్పలత గారి నుంచి ఉజ్వలకి పిలుపొచ్చింది. ఇంక తన లైను కలిపేస్తారనుకుని ఉజ్వల ఇస్త్రీ చుడీదార్ వేసుకుని మరీ వెళ్ళింది. హాలు నిండా అధికారులు, ప్రతి ఒక్కరి ముందూ జీడిపప్పు.

"మిత్రులారా," అన్నారు కల్పలత గారు, "ఇంతకాలం మనకు తెలియని ఒక అపార సహజ వనరు మన పౌరుల హృదయాలలో నిద్రాణమై ఉన్నది. అది చిరాకు! బొగ్గు తరిగిపోవచ్చు, నీరు ఇంకిపోవచ్చు. చిరాకు ఉన్నంతకాలం ఈ నగరానికి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు లోటు లేదు. ఈ సత్యాన్ని వెలికితీసిన కుమారి ఉజ్వలను అభినందిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఉజ్వల లేచి, "థాంక్యూ మేడమ్. మరి నా లైను కలిపేస్తారా?" అంది.

"కలిపితే మీ చిరాకు ఏమవుతుంది?"

"పోతుంది మేడమ్."

"చూశారా!" అని కల్పలత గారు సభ వైపు తిరిగారు. అధికారులందరూ చూశామన్నట్టు తలలూపారు.

ఆ రోజే చిరాకు ప్రోత్సాహక పథకం పుట్టింది. ఒక్క తప్పు నుంచి ఒక్క సవరణ వచ్చిందంటే, వంద తప్పులు పెడితే వంద సవరణలు రావాలి కదా, ఇది వాళ్ళ లెక్క. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. బస్టాపుల్లో బెంచీలకి ఒక కాలు కోసేశారు. బస్సుల్లో ఫ్యాన్లు గోడ వైపు తిప్పారు. వచ్చే స్టాపు పేరు చెప్పాల్సిన గొంతు వెళ్ళిపోయిన స్టాపు పేరు చెబుతోంది, అదీ బాధగా. టిక్కెట్లు తలకిందులుగా అచ్చవుతున్నాయి. బస్సు గంట తాడు లాగితే గంట మోగకుండా పక్కవాడి సీటు వెనక్కి వాలుతోంది. అన్నీ పెట్టి, సవరణలు వెల్లువెత్తుతాయని మండలి ఎదురుచూసింది.

ఒక్కటి రాలేదు.

చక్రధరరావు గారు క్షేత్రస్థాయి పర్యటన చేసి వచ్చి నివేదించారు. "ప్రజలు సహకరించుట లేదు మేడమ్. సర్దుకొనిపోవుచున్నారు."

నిజమే మరి. బెంచీకి కాలు లేకపోతే జనం ఇటుక పెట్టుకున్నారు. తలకిందుల టిక్కెట్టుని తలకిందులుగానే చదవడం పిల్లలు నేర్చేసుకున్నారు, పెద్దవాళ్ళకి ట్యూషన్ చెబుతున్నారు. వెళ్ళిపోయిన స్టాపు పేరు వింటే దాని తర్వాతది మనదని గుర్తుపెట్టుకుంటున్నారు. ఇంక మధ్యాహ్నపు అర్ధరాత్రికైతే ఊరు ఎంత చక్కగా అలవాటు పడిపోయిందంటే, లైట్‌హౌస్ కాలనీలో పన్నెండు కాగానే అరుగుల మీద లైట్లు వేసేస్తున్నారు, గూర్ఖా కర్ర తాటిస్తూ ఎండలో చెమటలు కక్కుకుంటూ తిరుగుతున్నాడు, పక్కింటావిడ మనవడికి జోలపాడి ఒంటిగంటకి మళ్ళీ పళ్ళు తోమిస్తోంది. హోటళ్ళలో 'నైట్ డిన్నర్ 11.30 కే' అని బోర్డులు వెలిశాయి. ఇది మాత్రం పిన్ని పీకకి చుట్టుకుంది. కోర్టులో కూడా అర్ధరాత్రి వాదనలేంటని పన్నెండుకి ముందే లేచిపోతున్నారు. లేచినవాళ్ళు ఎదురుగా క్యాంటీన్లో డిన్నర్ చేసేస్తున్నారు. ఒకటిన్నరకి క్యారేజీలొచ్చేసరికి వాళ్ళకది టిఫిన్ టైము.

"పొద్దున్నే ముద్దపప్పేంటమ్మాయ్?" అన్నాడు ఒక సీనియర్ ప్లీడరు, మధ్యాహ్నం ఒకటీ నలభైకి, సీరియస్‌గా.

అలా నగరంలో చిరాకు సరఫరా పూర్తిగా ఎండిపోయింది. మిగిలింది ఒకే ఒక్క బావి. ఉజ్వల.

మండలి ఉజ్వలని మళ్ళీ పిలిచింది. ఈసారి చిరాకు కొలవడానికి. మూడో అంతస్తులో ఒక గది ప్రత్యేకంగా తయారుచేశారు. ఊగే బల్ల, కిర్రుమనే ఫ్యాన్, చుక్కచుక్కగా కారే పంపు, సగం మూసుకుని సగం దగ్గర ఆగిపోయే తలుపు. "ఇందులో రెండు గంటలు ఆసీనులు కండి. చిరాకు పండిన పిదప మేము వచ్చి నమోదు చేసుకొనెదము," అని చెప్పి చక్రధరరావు గారు తలుపు సగం మూసి వెళ్ళారు.

రెండు గంటల తర్వాత కల్పలత గారితో సహా అందరూ వచ్చారు. వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. బల్ల ఊగట్లేదు, దాని కాలి కింద మడతపెట్టిన చాక్లెట్ కాగితం ఉంది. పంపు కారట్లేదు, దానికి జడ రబ్బరు చుట్టి ఉంది. ఉజ్వల కుర్చీ మీదెక్కి, పిన్నీసుతో ఫ్యాన్ మరను బిగిస్తోంది.

"ఏమిటీ పని!" అని కల్పలత గారు గుండె పట్టుకున్నారు.

"అయిపోయింది మేడమ్, ఒక్క నిమిషం. తలుపుకి కాస్త నూనె ఉంటే ఇవ్వండి."

"అది ప్రభుత్వ ఆస్తి! టెండర్లు పిలిచి, నిపుణులతో పెట్టించిన లోపాలు!"

"సారీ మేడమ్. చూస్తూ కూర్చోలేకపోయాను."

ఉజ్వల దిగి స్విచ్ వేసింది. చక్రధరరావు గారు ఫ్యాన్ కింద నిలబడి పైకి చూశారు. గాలి నిశ్శబ్దంగా వస్తోంది. కల్పలత గారు చూడకుండా ఆ గాలికి ఇంకో అడుగు దగ్గరికి జరిగారు.

ఆ సాయంత్రమే మండలి అత్యవసరంగా సమావేశమై రెండు తీర్మానాలు చేసింది. నగరంలో ఇప్పటిదాకా నిజంగా చిరాకు పుట్టించగలిగింది మధ్యాహ్నపు అర్ధరాత్రి ఒక్కటే గనక, దాన్ని 'రక్షిత లోపం'గా ప్రకటించారు. దాన్ని దిద్దడం, దిద్దడానికి ప్రోత్సహించడం, దిద్దితే బాగుండునని బహిరంగంగా నిట్టూర్చడం నిషేధం. రెండోది, సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి కోర్టు సెంటర్లో 'నిశీథ మధ్యాహ్నోత్సవం', తౌఫీక్ గారికి మరో శాలువా.

అదే సాయంత్రం పిన్నికి ఫోనొచ్చింది. ప్లీడర్లందరి తరఫునా. సోమవారం పన్నెండున్నరకి వేడి అన్నం కనపడితే సరే, లేకపోతే ఆ రోజు నుంచి మొత్తం అందరూ క్యాంటీన్‌లోనేనట, ఇంక క్యారేజీలు పంపొద్దట. పిన్ని ఫోన్ పెట్టేసి, పెద్ద గిన్నె తోముతూ కూర్చుంది. తోమిందే తోముతోంది. పిన్ని అరవకపోవడం ఉజ్వల పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు.

"పిన్నీ, సోమవారం కూడా వండు."

"వండి ఎవరికి పెట్టను, గూర్ఖాకా?"

"వండు పిన్నీ, ప్లీజ్."

ఉజ్వల తౌఫీక్ షాపుకెళ్ళేసరికి అతను శాలువా ఆహ్వానపత్రం ముందేసుకుని కూర్చున్నాడు. కార్డు మీద బంగారు రంగులో చందమామ.

"నా సాఫ్ట్‌వేర్‌లో తప్పుకి పండగ చేస్తారట చెల్లెమ్మా," అన్నాడు. "తప్పుకి! నాకు శాలువా కప్పి!"

"అన్ని దారులూ మూసుకుపోయాయన్నా."

తౌఫీక్ ఆ కార్డుని బోర్లా తిప్పి పెట్టాడు. తర్వాత షాపు షట్టర్ సగం దించి, ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. "తియ్ కాపీ. వేరు కుంపటే పెట్టేద్దాం. పేరేంటి?"

"'బస్సిప్పుడే'."

కాపీ తియ్యడం అంటే ఒక్క బటన్. ఆ ఒక్క లైను కలపడం ఇంకో బటన్. కానీ రావాల్సింది మనుషులు కదా. తౌఫీక్ అందరికీ రాశాడు, నేను ఇల్లు మారుతున్నాను, ఇష్టమున్నవాళ్ళు రండి, లేనివాళ్ళ మీద కోపం లేదు అని. దీర్ఘాల మాస్టారు టీ తాగేలోపు వచ్చేశాడు, వస్తూనే ఆ ఉత్తరంలోనే రెండు తప్పులు దిద్దాడు. సందులామె వచ్చింది. ఫిన్లండ్ మనిషి ఏమీ రాయలేదు, బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టాడు.

ఇంక మిగిలింది తెరలు. ఆదివారం డిపోకెళ్ళి ఉజ్వల అప్పలకొండకి అంతా చెప్పింది. తెరలో సాఫ్ట్‌వేర్ అడ్రస్ ఒక్కటి మారిస్తే చాలు, బస్సు పగలుని పగలంటుంది.

"అది రూలుకి ఎదురెళ్ళడం కాదేటి?"

"రూలేంటి అప్పలకొండ గారూ? మళ్ళీ చెప్పండి."

"డ్రైవరు తెర చెప్పినట్టు నడవాల."

"ఆ తెర ఎవరి సాఫ్ట్‌వేర్ మాట వినాలో ఉందా అందులో?"

అప్పలకొండ మీసం దువ్వుకున్నాడు. పది మందిని పిలిచాడు. ఆ పది మందీ రోజూ మిట్టమధ్యాహ్నం దోమతెరల్లో ఉడికిపోతున్నవాళ్ళే. అడ్రస్ కొట్టడానికి తోసుకున్నారు.

సోమవారం. పన్నెండుకి కోర్టు సెంటర్లో షామియానా, బ్యాండు, నల్లకోట్ల ప్లీడర్లు, వేదిక మీద కల్పలత గారు, పక్కన ఒక ట్రేలో శాలువా. తౌఫీక్ రాలేదు. ఇక్కడేమో లైట్‌హౌస్ కాలనీ స్టాపులో ఇటుకల బెంచీ మీద ఉజ్వల, పిన్ని, క్యారేజీలు. పిన్ని ఇవాళ తనే వచ్చింది.

"రాకపోతే?" అంది పిన్ని.

"వస్తుంది."

"రాకపోతే ఇవన్నీ నువ్వే తినాలే, చెప్తున్నా."

పన్నెండు కొట్టింది. ఊళ్ళో అరుగుల మీద లైట్లు వెలిగాయి. గూర్ఖా కర్ర తాటించాడు. పదకొండో నంబరు బస్సు మలుపు తిరిగి, స్టాపులో ఆగింది. ఉజ్వల ముందు తెర వైపు చూసింది. చందమామ లేదు. తెర మీద 'తర్వాత స్టాపు: పాత మార్కెట్' అనుంది, అంతే.

"ఎక్కండి ఎక్కండి," అన్నాడు అప్పలకొండ, "తెర పొమ్మంది, పోతన్నాను!"

కోర్టు సెంటర్లో కల్పలత గారు సరిగ్గా "ఈ శుభ నిశీథమున..." అంటున్నారు. అప్పుడు షామియానా పక్కకే ఒకదాని వెనక ఒకటి బస్సులు వచ్చి ఆగడం మొదలెట్టాయి. మొదటి దాన్లోంచి పిన్ని దిగింది. మూతలు తీసింది. పప్పుచారు, వంకాయ వేపుడు, అప్పుడే వేసిన పోపు ఘుమఘుమ బ్యాండు మేళం మీద నుంచి వేదిక దాకా వెళ్ళిపోయింది. ప్లీడర్లు ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఇది డిన్నరా, లంచా?" అని అడిగాడు ఆ సీనియర్ ప్లీడరు.

"అన్నం," అంది పిన్ని. "తింటారా, తీసుకెళ్ళిపోనా?"

ఆయన కోటు విప్పేశాడు. ఆ తర్వాత ఉపన్యాసం వినడానికి బ్యాండువాళ్ళు తప్ప ఎవరూ మిగల్లేదు, కాసేపటికి వాళ్ళు కూడా.

మండలి ఊరుకుంటుందా? ఆ మర్నాడే చక్రధరరావు గారికి ఉత్తర్వులొచ్చాయి. రక్షిత లోపానికి విఘాతం కలిగించిన 'బస్సిప్పుడే'ని ఆసాంతం శోధించి, దాని వెనకున్న ఉద్దేశాన్ని నిర్ధారించవలెను. ఆయన పెద్ద బల్ల వెనక కూర్చుని, చిన్న పెన్ను పక్కన పెట్టి, శోధించడం మొదలెట్టారు. పొద్దుటి నుంచీ శోధించారు.

మధ్యాహ్నం ఉజ్వల ల్యాప్‌టాప్‌లో ఒక సవరణ వచ్చి పడింది. పంపినవారు: గంటి చక్రధరరావు. విషయం: వెంకటాద్రి నగర్ స్టాపు మ్యాపులో రోడ్డుకి అవతలి వైపు చూపించుచున్నది, వాస్తవమున ఇవతల, పాలబూత్ పక్కన. కింద ఏ ఉద్దేశమూ రాసి లేదు.

ఉజ్వల చూసింది. సరిగ్గానే ఉంది. కలిపేసింది.

ఫోన్ మోగింది. "అమ్మా, ఇది విధానమునకు విరుద్ధము," అన్నారు చక్రధరరావు గారు, గొంతు తగ్గించి. "మీరు నన్నేమియూ విచారించకుండానే స్వీకరించినారు."

"స్టాపు ఇవతలే కదా సార్?"

"ఇవతలే. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఎక్కుతున్నాను."

"అయితే అయిపోయింది సార్."

"నేనెందుకు చేసినానో కూడా అడగరా?"

"అడగను సార్. ఇంకేమన్నా తప్పులున్నాయా అందులో?"

అటు వైపు కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినపడింది.

"ఉన్నాయమ్మా," అన్నారాయన మెల్లగా. "చాలా ఉన్నాయి."

సాయంత్రం దాకా సవరణలు వస్తూనే ఉన్నాయి. మొదట ఆయనవే, తర్వాత టైపిస్టువి, ఆపైన పక్క సెక్షన్ వాళ్ళవి. రెండో అంతస్తులో ఆడిట్ నుంచి కూడా ఒకటొచ్చింది. ఆ భవనం కట్టాక అందులో ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడక్కుండా ఇంత పని జరగడం అదే మొదటిసారి. మండలికి గుండెల్లో రాయి పడింది. ఉద్యోగులు ఎందుకు పనిచేస్తున్నారో నిర్ధారించడానికి వెంటనే ఇంకో విభాగం వేశారు.

ఆ కొత్త విభాగానికి మధ్యాహ్నం భోజనం సత్యవేణి పిన్ని క్యారేజీలే. పన్నెండుంబావు బస్సులో వెళ్తాయి. వేడిగా.